మైదానం దక్కిన తరువాతే కప్పు

(విజయవాడలో కళాశాలల వ్యాయామ విద్యా అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) మిత్రులకు, ప్రాక్టీసు ముగించుకొని ట్రాక్‌సూట్లతోనే వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న అమ్మాయిలకు నమస్కారం. పొద్దున్నే గ్రౌండులో పరుగులు తీసి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఉపన్యాసం వినిపించడం ఒక రకమైన శిక్ష. గుంటూరు జిల్లా కళాశాలల్లో పనిచేసిన ముప్ఫై ఏళ్లూ ఆ శిక్ష వేసినదాన్నే కనుక, ఈ రోజు విషయం విడిచి పక్కకు పోకుండా మాట్లాడతాను. విషయం ఇంగ్లండు మహిళల ఎఫ్.ఎ. (ఫుట్‌బాల్ అసోసియేషన్) కప్పు. అది ఆ దేశంలో మహిళలకు జాతీయ స్థాయిలో జరిగే నాకౌట్ (ఓడిన జట్టు అక్కడితో ఇంటికే) ఫుట్‌బాల్ పోటీ.

నాకౌట్ అంటే ఏమిటో ఈ హాలులో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కర లేదు. జోనల్ పోటీలకు ముందురోజు సాయంత్రం, ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే ఫిక్చర్లు మనం వేసే దృశ్యం గుర్తు చేసుకుంటే చాలు. కాగితం ముక్కల మీద కళాశాలల పేర్లు రాసి, మడిచి, స్టీలు గ్లాసులో వేసి కుదుపుతాం. ఎవరి మీదా అనుమానం రాకూడదని ఆఫీసు అటెండరు చేత చీటీలు తీయిస్తాం. ఒక్కొక్క చీటీ విప్పుతుంటే పి.డి.ల మొహాలు చూడాలి. మొదటి రౌండులోనే గట్టి జట్టు తగిలినవారు టీ కప్పు పక్కన పెట్టేస్తారు, బై (ఆడకుండానే తరువాతి రౌండుకు వెళ్లే అవకాశం) వచ్చినవారు మాత్రం రెండో టీ తెప్పించుకుంటారు. అయినా ఆ గ్లాసులో చీటీలన్నీ ఒకే కొలతవి. హాస్టలు, జిమ్ము, కోచ్ ఉన్న కళాశాల చీటీ పెద్దదిగానూ, బూట్లు అరువు తెచ్చుకునే కళాశాల చీటీ చిన్నదిగానూ ఉండదు. జట్లన్నీ ఒకదానితో ఒకటి ఆడే లీగు పోటీలో ఏడాది పొడవునా సత్తా నిలబెట్టుకోవాలి కనుక అక్కడ డబ్బు, బెంచి మీద కూర్చునే ఆటగాళ్ల సంఖ్య మాట్లాడతాయి. కప్పు పోటీ అడిగేది ఒక్క మధ్యాహ్నం. ఆ ఒక్క పూట మన గోల్‌కీపరు చేతులు కుదిరితే, ఎదుటివాళ్ల ఫార్వర్డుకు కాలు కుదరకపోతే, ఎంతటి జట్టయినా సంచులు సర్దుకోవలసిందే.

పిల్లలకు నేనెప్పుడూ వేసే లెక్క ఒకటి ఉంది. మహిళల ఎఫ్.ఎ. కప్పు మొట్టమొదటిసారి జరిగినప్పుడు 71 జట్లు పేర్లిచ్చాయి. విజేత తేలడానికి ఎన్ని మ్యాచ్‌లు కావాలి? చాలామంది రౌండ్లు గీయడం మొదలుపెడతారు. గీయనక్కర లేదు. ప్రతి మ్యాచ్ ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటి మిగలాలి, అంటే 70 జట్లు ఇంటికి వెళ్లాలి, కాబట్టి 70 మ్యాచ్‌లు. మన పద్ధతిలో ఫిక్చరు వేస్తే 71 తరువాత వచ్చే రెట్టింపు వరుస (2, 4, 8, 16 అలా) సంఖ్య 128, అందులోంచి 71 తీసివేస్తే 57 బైలు. మొదటి రౌండులో 14 జట్లు మాత్రమే ఆడితే రెండో రౌండుకు సరిగ్గా 64 నిలుస్తాయి. ఇటీవలి సీజన్లలో ఆ కప్పుకు పేర్లిచ్చే జట్లు 400 దాటాయి. వాటిలో ఎక్కువ భాగం మనలాంటి ఊళ్ల జట్లే. టీచర్లు, నర్సులు, కాలేజీ పిల్లలు వేసవి చివర తొలి రౌండ్లు ఆడి, ఒక్కొక్కటిగా రాలిపోతుంటే, పేరున్న పై లీగు జట్లు చలికాలంలో వచ్చి కలుస్తాయి.

చీటీలు ఒకే కొలతవి అన్నాను. అంతమాత్రాన న్యాయం పూర్తయిందని అనుకోకూడదు. గ్లాసులో చీటీ పడటానికి ముందు ఒక షరతు ఉంది, ఆ షరతు పేరు మైదానం. ఎక్కడ ఆడాలి, ఎవరి అనుమతితో ఆడాలి, గేటు తాళం ఎవరి జేబులో ఉంది అన్న ప్రశ్నలు తేలిన తరువాతే గోల్ అయినా, కప్పు అయినా. ఈ కప్పు చరిత్రను నేను విజేతల జాబితాగా చదవలేదు, తాళాల చరిత్రగా చదివాను. మీకూ అలాగే చెబుతాను.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండు మగవారు యుద్ధానికి వెళ్లగా, ఆయుధ కర్మాగారాల్లో వారి స్థానాల్లోకి ఆడపిల్లలు వచ్చారు. లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణంలో డిక్ కెర్ అనే కంపెనీ ఉండేది. అక్కడి అమ్మాయిలు భోజన విరామంలో పెరట్లో బంతి తన్నుతూ తన్నుతూ జట్టు కట్టారు. 1917 క్రిస్మస్ రోజున, ప్రెస్టన్ క్లబ్బు మైదానమైన డీప్‌డేల్‌లో, గాయపడిన సైనికుల సహాయార్థం మరో ఫ్యాక్టరీ అమ్మాయిలతో వారు ఆడిన మ్యాచ్‌కు 10,000 మంది వచ్చారు. అక్కడి నుంచి మూడేళ్లకు, 1920 డిసెంబరు 26న, లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్ కెర్ లేడీస్ జట్టు సెయింట్ హెలెన్స్ జట్టుతో ఆడింది. లోపల 53,000 మంది ఉండగా, టికెట్టు దొరకక గేటు బయట నిలిచిపోయినవారు ఇంకా వేల మంది. జట్టులో లిలీ పార్ అనే అమ్మాయి ఉండేది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు, ఎడమకాలి షాట్‌కు పెట్టింది పేరు. వసూలైన 3,000 పౌండ్లకు పైగా సొమ్ము యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల సహాయానికి వెళ్లింది. ఆ 53,000 అన్న సంఖ్యను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

సరిగ్గా ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ ఆడవారికి ఏమాత్రం తగిన ఆట కాదని, దానిని ప్రోత్సహించరాదని అందులో రాశారు. దానధర్మాల కోసం వసూలైన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చుల పేరుతో పోతోందన్న ఆరోపణ కూడా చేర్చారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ తీర్మానాన్ని జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే చాలామంది దీనిని ఆడవారి ఫుట్‌బాల్‌పై నిషేధం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆడపిల్లలు బంతి తన్నితే జైలులో పెడతామని ఎవరూ అనలేదు. తమ అధీనంలోని క్లబ్బులు తమ మైదానాలను ఆడవారి మ్యాచ్‌లకు ఇవ్వరాదన్నారు. తమ గుర్తింపు ఉన్న రిఫరీలు, లైన్స్‌మెన్ ఆ మ్యాచ్‌లకు వెళ్లరాదన్నారు. అంతే. అంతే, కానీ గ్యాలరీలు, గేటు, టికెట్టు కౌంటరు ఉన్న మైదానాలన్నీ ఆ క్లబ్బులవే. గుడిసన్ పార్కు నుంచి ఊరి చివరి పచ్చిక బీడుకు నెట్టిన తరువాత 53,000 మంది ఎక్కడ నిలబడతారు? డబ్బు లెక్కల మీద అనుమానం ఉంటే లెక్కల పుస్తకాలు తెప్పించి చూడాలి గాని, మైదానానికి తాళం వేయడం ఏ ఆడిట్ పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నిషేధం వచ్చిన కొద్ది రోజులకే ఆడవారి జట్లు కూడి తమదైన సంఘం పెట్టుకున్నాయి. 1922లో ఆ సంఘం నాకౌట్ కప్పు కూడా నడిపింది. ఇరవైకి పైగా జట్లు ఆడగా స్టోక్ జట్టు గెలిచింది. అంటే ఈ రోజు మనం చెప్పుకునే కప్పుకు దాదాపు యాభై ఏళ్ల ముందే ఒక కప్పు పుట్టింది, మైదానాలు లేక ఎదగలేకపోయింది. డిక్ కెర్ జట్టు మాత్రం మొండిగా సాగింది. 1922లో అమెరికా వెళ్లి మగ జట్లతో తలపడి వచ్చింది, చేతికి దొరికిన బీళ్లలో ఆడుతూ 1965 దాకా నిలిచింది. లిలీ పార్ మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ ఆటలో కొనసాగింది. 2002లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం వారు తమ గౌరవ జాబితాలో చేర్చిన తొలి మహిళ ఆమే. అప్పటికి ఆమె చనిపోయి రెండు దశాబ్దాలు దాటింది.

1966లో ఇంగ్లండు మగ జట్టు ప్రపంచకప్పు గెలిచాక అక్కడి వీధుల్లో అబ్బాయిలతో పాటు అమ్మాయిల కాళ్ల దగ్గరికి కూడా బంతి చేరింది. 1969లో 44 క్లబ్బులతో మహిళల ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. నిషేధం ఎత్తివేయడానికి 1970లో ఫుట్‌బాల్ అసోసియేషన్ అంగీకరించింది. 1970-71 సీజనులోనే, మగవారి ఎఫ్.ఎ. కప్పు 1871-72లో 15 జట్లతో పుట్టిన దాదాపు వందేళ్లకు, ఆడవారి కప్పు 71 జట్లతో మొదలైంది. మగవారి కప్పుకు తొలి ఏడు 15 జట్లు, ఆడవారి కప్పుకు తొలి ఏడు 71. ఆసక్తి లేక ఆడలేదన్న మాటకు ఈ రెండు సంఖ్యలను మించిన జవాబు నేను చూడలేదు. అప్పుడు దాని పేరు మైటర్ ట్రోఫీ. పేరు ఇంగ్లండుదే అయినా స్కాట్లండు, వేల్స్ జట్లు కూడా పాల్గొన్నాయి. 1971 మే 9న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ఫైనల్లో సౌతాంప్టన్ జట్టు స్కాట్లండుకు చెందిన స్టూవర్టన్ థిసిల్ జట్టును 4-1 తేడాతో ఓడించింది. ఆ నాలుగింటిలో మూడు గోల్స్ ప్యాట్ డేవిస్ అనే అమ్మాయివి. మగవారి కప్పు ఫైనల్ అదే వారం లండన్‌లోని జాతీయ స్టేడియం వెంబ్లీలో జరిగింది. వెంబ్లీ తాళం ఇంకా తెరుచుకోలేదన్నమాట.

తరువాతి పదేళ్లు సౌతాంప్టన్‌వే. మొదటి పదకొండు ఫైనల్స్‌లో పదింట ఆ జట్టు ఆడింది, ఎనిమిది గెలిచింది. మన చెస్‌లోనో బ్యాడ్మింటన్‌లోనో ఒకే అకాడమీ పిల్లలు కప్పులన్నీ పట్టుకుపోతుంటే పక్కనున్నవారు గొణుగుతారే, అలాంటి రోజులవి. ఆ వరుసను 1974లో తెంచినది ఫోడెన్స్ జట్టు. ఫోడెన్స్ అంటే శాండ్‌బాక్ అనే ఊళ్లోని లారీల కంపెనీ. యాభై ఏళ్ల తరువాత మళ్లీ ఫ్యాక్టరీ అమ్మాయిలే గెలిచారు, యుద్ధం మాత్రం లేదు. 1972లో స్కాట్లండుపై ఇంగ్లండు ఆడిన మొట్టమొదటి అధికారిక మహిళా మ్యాచ్‌లో ఇంగ్లండుకు తొలి గోల్ కొట్టిన సిల్వియా గోర్ ఈ జట్టు ఆటగత్తెయే.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన జట్టు డాంకస్టర్ బెల్స్. ఆ ఊళ్లో మగవారి క్లబ్బు మైదానం పేరు బెల్ వ్యూ. మ్యాచ్ రోజున గ్యాలరీల్లో తిరిగి లాటరీ టికెట్లు అమ్మే అమ్మాయిలు, ఇతరులు ఆడుతుంటే మనం టికెట్లు అమ్మడమేమిటి, మనమే ఆడదాం అని 1969లో జట్టు కట్టారు. మైదానంలో వాళ్ల మొదటి హోదా టికెట్లు అమ్మేవాళ్లదే అన్న సంగతి మరిచిపోకండి. 1983 నుంచి 1994 లోపు ఆ అమ్మాయిలు ఈ కప్పును ఆరుసార్లు గెలిచారు. జీతాలు లేవు. ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలు సాధన చేస్తూ, ఛార్జీలు తామే పెట్టుకుని ప్రయాణాలు చేస్తూ గెలిచారు. మన జిల్లా జట్లను ప్యాసింజరు రైలులో జనరల్ పెట్టె ఎక్కించి తీసుకువెళ్లిన వారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర లేదు.

తరువాతి కాలాన్ని త్వరగా దాటుతాను. 1989 ఫైనల్ మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగి ఛానల్ ఫోర్ టీవీలో కనిపించింది. అందులో ఓడిన జట్టు తరఫున రెండు గోల్స్ కొట్టిన హోప్ పావెల్, తొమ్మిదేళ్లకు ఇంగ్లండు మహిళా జట్టు కోచ్ అయింది. ఆ పదవిలో ఆమే మొదటి మహిళ. 1993లో కప్పు నిర్వహణ ఫుట్‌బాల్ అసోసియేషన్ చేతికి వెళ్లింది. అప్పటి నుంచి ఆర్సెనల్ రాజ్యం. ఆ క్లబ్బు ఇప్పటిదాకా ఈ కప్పును 14 సార్లు గెలిచింది. ఆ విజయాల్లో ఎక్కువ భాగానికి కోచ్ అయిన విక్ ఏకర్స్, మగ జట్టుకు జెర్సీలు, బూట్లు సర్దే కిట్ ఉద్యోగి కూడా. 2006-07 సీజనులో ఆయన జట్టు లీగు, లీగు కప్పు, ఎఫ్.ఎ. కప్పు, యూరప్ కప్పు నాలుగూ గెలిచింది.

ఆ 2007 ఫైనల్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే గెలిచిన ఆర్సెనల్ కన్నా ఓడిన జట్టు కథ మనకు ఎక్కువ అవసరం. నాటింగ్‌హమ్‌లో 24,529 మంది ముందు ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడిన జట్టు చార్ల్‌టన్ అథ్లెటిక్. రెండేళ్ల ముందు, 2005లో, అదే జట్టు ఈ కప్పు గెలిచింది. ఫైనల్ ముగిసి రెండు నెలలు కాకముందే ఆ క్లబ్బు తన మహిళా జట్టును రద్దు చేసింది. అమ్మాయిలు ఓడినందుకు కాదు, క్లబ్బు మగ జట్టు ఆ ఏడాది అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగు నుంచి కిందికి జారింది. పెద్దబ్బాయి వ్యాపారంలో నష్టపోతే ముందుగా చదువు మాన్పించేది ఆడపిల్లనే అన్న సంగతి మన ఇళ్లలో తెలియనిదా? చార్ల్‌టన్ ఆడవారి జట్టు తరువాత మళ్లీ నిలదొక్కుకుంది గాని, ఆ వేసవిలో మాత్రం జాతీయ ఫైనల్ ఆడిన అమ్మాయిలు జట్టు లేనివారయ్యారు. ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు అనుకుందామంటే కుదరదు. 2015 ఆగస్టు 1న మహిళల కప్పు ఫైనల్ మొట్టమొదటిసారి వెంబ్లీలో జరిగినప్పుడు చెల్సీ చేతిలో 1-0తో ఓడినది నాట్స్ కౌంటీ. 2017 ఏప్రిల్‌లో, కొత్త సీజనులో తొలి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు, ఆ జట్టును మూసేశారు. వెంబ్లీ పచ్చిక మీద నడిచి రెండేళ్లు నిండలేదు. నాకౌట్ పోటీలో ఓడిన జట్టు ఇంటికి వెళుతుందని ఇందాక అన్నాను. వెళ్లడానికి ఇల్లు ఉండాలి కదా! డాంకస్టర్ బెల్స్ సంగతీ అంతే. లీగును కొత్తగా సవరించిన 2013లో, మాంచెస్టర్ సిటీకి పై అంతస్తులో చోటిచ్చి, బెల్స్‌ను కింది అంతస్తుకు పంపారు. మైదానం, వసతులు, డబ్బు ఎవరికి ఎక్కువ ఉన్నాయన్నదే అక్కడ లెక్క అయింది.

ఇంత చెప్పాక వెంబ్లీ గురించి మంచి మాట చెప్పకపోవడం అన్యాయం. మగవారి ఫైనల్ వెంబ్లీలో మొదటిసారి జరిగింది 1923లో, ఆడవారిది 2015లో. మధ్యలో 92 ఏళ్లు. తాళం తీశాక మాత్రం జనం ఆగలేదు. మొదటి ఏడు 30,710 మంది, 2018లో 45,423 మంది వచ్చారు. 2023 మే 14న చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్ ఆడినప్పుడు 77,390 మంది చేరారు. ఇందాక గుర్తుంచుకోమన్న 53,000 గుర్తుందా? ఇంగ్లండు మహిళా క్లబ్బులు తమలో తాము ఆడుకున్న మ్యాచ్‌కు 1920లో వచ్చిన జనాన్ని మించిన జనం మళ్లీ వచ్చింది ఆ రోజే. ఒక్క తీర్మానం ఎంత దూరం వెనక్కి తోసిందో ఈ లెక్క చెబుతుంది.

2021 ఫైనల్‌ను నేను మనవరాలి ఫోనులో చూశాను. కరోనా వల్ల వెనక్కి జరిగి జరిగి ఆ మ్యాచ్ 2021 డిసెంబరు 5న వెంబ్లీలో జరిగింది. 1921 డిసెంబరు 5 తీర్మానానికి సరిగ్గా నూరేళ్లు నిండిన రోజది. చెల్సీ 3-0తో ఆర్సెనల్‌ను ఓడించింది. మొదటి గోల్ ఫ్రాన్ కర్బీది, మిగిలిన రెండూ ఆస్ట్రేలియా అమ్మాయి సామ్ కెర్‌వి. డిక్ కెర్ అమ్మాయిల మీద వేసిన నిషేధానికి నూరేళ్లు నిండిన రోజున, సంబంధమేమీ లేకపోయినా అదే ఇంటిపేరున్న అమ్మాయి రెండు గోల్స్ కొట్టడం కాకతాళీయమే. అయినా వ్యాయామ అధ్యాపకులు కూడా అప్పుడప్పుడు ఇలాంటి వాటికి మురిసిపోతారు. ఈ సామ్ కెర్ తండ్రి పుట్టింది మన కలకత్తాలో.

ఇప్పుడు డబ్బు సంగతి. 2021-22 సీజనులో మహిళల కప్పు విజేతకు ఇచ్చిన బహుమతి 25,000 పౌండ్లు. మగవారి కప్పు విజేతకు 18 లక్షల పౌండ్లు. భాగిస్తే 72 రెట్లు. కింది రౌండ్లలో ఆడే చిన్న జట్లకు గెలిచిన డబ్బు బస్సు కిరాయికి కూడా చాలదన్న విమర్శ గట్టిగా వినిపించాక, మహిళల కప్పు మొత్తం బహుమతి సొమ్మును తరువాతి సీజనుకు 30 లక్షల పౌండ్లకు, ఆపై 60 లక్షలకు పెంచారు. తేడా ఇంకా చాలా ఉంది. జనం తక్కువ, టీవీ డబ్బు తక్కువ, అందుకే బహుమతి తక్కువ అనేవారి వాదన పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. కానీ జనాన్ని యాభై ఏళ్ల పాటు గేటు బయట నిలబెట్టినవారే జనం తక్కువ అని చెబుతుంటే నమ్మబుద్ధి కాదు. ఇంగ్లండు దక్షిణాన లూయిస్ అనే చిన్న ఊరి క్లబ్బు 2017లో మగ జట్టుకు, ఆడ జట్టుకు సమానంగా ఖర్చు పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఊరి అమ్మాయిలు 2023లో ఈ కప్పు క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చారు.

ఇది ఇంగ్లండు ఒక్కదాని పాపం కాదు. జర్మనీలో ఫుట్‌బాల్ సమాఖ్య 1955లో ఇచ్చిన ఆదేశం కూడా ఇదే తీరుది: ఆడవారికి మైదానాలు ఇవ్వకండి, రిఫరీలను పంపకండి అని. అది 1970 దాకా నడిచింది. 1981లో అక్కడ మహిళల కప్పు మొదలైంది. చాలా ఏళ్లు దాని ఫైనల్‌ను బెర్లిన్‌లో మగవారి ఫైనల్‌కు ముందు అదే రోజున ఆడించారు. సినిమాకు ముందు వేసే న్యూస్‌రీలు లాగా అన్నమాట. 2010 నుంచి దానిని కొలోన్ నగరానికి మార్చి, దానికంటూ ఒక రోజు, ఒక మైదానం ఇచ్చారు. అరువు జనం కన్నా సొంత జనం మేలని తెలుసుకున్నారు.

మన దేశానికి వద్దాం. మనకు నిషేధ తీర్మానం ఏదీ లేదు. 1970ల మధ్యలోనే మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1980లో కాలికట్‌లో, 1983లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మన జట్టు రన్నరప్‌గా నిలిచింది. ఆ జట్టు ఆటగత్తె శాంతి మల్లిక్ అర్జున అవార్డు అందుకుంది. 1991-92 నుంచి రాష్ట్రాల జట్లకు జాతీయ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. ఇప్పుడు దానిని రాజమాత జిజాబాయి ట్రోఫీ అంటున్నారు. దాని విజేతల పట్టిక నిండా మణిపూర్ పేరే. అక్కడి అమ్మాయిల రక్తంలో ఏదో ఉందని కొందరు అంటుంటారు. రక్తంలో కాదు, పేటలో ఉంది. పేటకొక క్లబ్బు, సాయంత్రమైతే అమ్మాయిలు దిగడానికి ఒక మైదానం. ఓయినం బెంబెం దేవి అలాంటి చోటు నుంచే వచ్చి పద్మశ్రీ దాకా వెళ్లింది. మన తెలుగు నేల నుంచి నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా క్లబ్బుకు ఆడి వచ్చి, 2024-25లో దేశపు ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది. 2025 జూలైలో థాయిలాండ్‌ను వారి సొంత గడ్డ మీద 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్పుకు అర్హత సాధించారు.

ఇక మన ఊరు. నిషేధం లేదన్నాను, తాళాలు లేవనలేదు. ఒక ఊరి పేరు, ఒక కళాశాల పేరు చెప్పకుండా ఒక సంగతి చెబుతాను. మా అమ్మాయిల జట్టుకు సెమీఫైనల్ ఖరారైంది. రెండు రోజుల ముందు గ్రౌండు ఇవ్వలేమని కబురు వచ్చింది. కారణం అడిగితే అదే రోజు సిబ్బంది క్రికెట్ మ్యాచ్ ఉందన్నారు. అధ్యాపకుల సరదా మ్యాచ్! తెల్లవారుజామున ఐదున్నరకు, క్రికెట్ వాళ్లు లేవకముందే, మా సెమీఫైనల్ ఆడించాం. రిఫరీ పంచె మీదే వచ్చి, ఈల ఊది, కాఫీ తాగి వెళ్లాడు. గెలిచాం. మంచులో తడిసిన ఎర్రమట్టి మీద పడి మోకాళ్లు గీసుకున్న ఇద్దరు అమ్మాయిలకు డ్రెస్సింగ్ చేస్తూ నేను అడిగాను, ఈ వేళకు రావడం కష్టమైందా అని. రావడం కాదు మేడమ్, చూడటానికి ఎవరూ లేకపోవడం కష్టమైంది అని ఒక పిల్ల అంది. గుడిసన్ పార్కు కథ నేను చదివింది ఆ తరువాతే.

అందుకే ఈ సభలో ఒక పని అడుగుతున్నాను. కృష్ణకు ఇటువైపు నాలుగు, అటువైపు నాలుగు, మొత్తం ఎనిమిది కళాశాలల అమ్మాయిల జట్లు దొరుకుతాయి. నాకౌట్ పెడితే ఏడు మ్యాచ్‌లు, బైల తలనొప్పి లేదు. మొదటి రోజు నాలుగు, రెండో రోజు రెండు, మూడో రోజు ఫైనల్, అంటే మూడు ఆదివారాలు చాలు. ఎండలు ముదరకముందే, జనవరి చివర మొదలుపెడితే ఫిబ్రవరి నడిమికి ముగుస్తుంది. మొదటి రౌండ్లు ఎవరి గ్రౌండులో వారు ఆడించుకోవచ్చు. ఫైనల్ మాత్రం గ్యాలరీ ఉన్న చోటే జరగాలి. విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం ఉన్నాయి, ఏదైనా సరే. పొద్దున ఐదున్నరకు కాదు, జనం వచ్చే సాయంత్రం వేళకు. దరఖాస్తు నేను రాస్తాను, దాని కింద ఎనిమిది మంది ప్రిన్సిపాళ్ల సంతకాలు మీరు తేవాలి. గోల్‌పోస్టుల వలలు రెండు జతలు మా ఇంటి అటక మీద ఉన్నాయి. ఒకదానికి ఎలుకలు కొట్టిన చోట పురికొసతో ముడులు వేశాను, బంతి దూరదు. చీటీలు తీయడానికి స్టీలు గ్లాసు కూడా నేనే తెస్తాను.